ఇరవై మూడేళ్ల ఖాళీకి కారణం

నేను కాలేజీలో చేరిన సంగతి మా అమ్మకి నాలుగు నెలల దాకా తెలీదు. రోజూ అయిదింటికల్లా ఇంట్లోంచి బయటపడుతున్నాను కదా, ఎక్కడికే అని అడిగితే, ఖిదిర్‌పూర్ దగ్గర ఒక బట్టల కార్ఖానాలో పొద్దుటి పని దొరికిందని చెప్పాను. మేముండేది గంగ ఒడ్డున, హౌరాకి ఇవతల, మెటియాబ్రుజ్ అనే పేటలో. ఇక్కడ ప్రతి గొందిలోనూ కుట్టుమిషన్ల చప్పుడే. పెళ్లికి ముందు నుంచీ నేను కూడా ఇంట్లో కూర్చుని చొక్కాలకి కాజాలు తీసి, గుండీలు కుట్టి ఇస్తున్నదాన్నే. అందుకని ఆ అబద్ధం సులువుగా నిలబడింది.

మా ఆయనకి మాత్రం చెప్పాను. ఆయన మునిసిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేస్తాడు. మాట తక్కువ మనిషి.

"ఇప్పుడా?" అన్నాడు.

"ఇప్పుడే."

"ఎందుకు?"

"చదువుకోవాలనుంది."

నాకు అప్పటికి నలభై రెండేళ్లు. నా మొహం కేసి కాసేపు చూసి, "సరే, పొద్దుటి టీ నేనే పెట్టుకుంటాలే" అన్నాడు. ఇంకేం అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నాను. ఆ అవసరం రాలేదు. అసలు కారణం ఆయనకీ చెప్పలేదన్నమాట.

కాలేజీ వాళ్లు మాత్రం అంత సులువుగా వదల్లేదు. అది ఆడపిల్లల పొద్దుటి కాలేజీ. ఆరింటికి మొదలై పదిన్నరకి అయిపోతుంది. ఆఫీసులో గుమాస్తా నా పాత మార్కుల కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "పన్నెండు పాసై, ఒక ఏడాది బి.ఎ. చదివి మానేశారు. అక్కణ్నుంచి ఇప్పటికి ఇరవై మూడేళ్లు. ఈ ఖాళీకి కారణం రాయించి, కోర్టు కాగితం మీద సంతకం పెట్టి తీసుకురండి. ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే చూద్దాం" అన్నాడు.

కోర్టు బయట టార్పాలిన్ కింద టైపు కొట్టే ఒకాయన దగ్గర కూర్చున్నాను. ఆయన కాగితం ఎక్కించి, "కారణం చెప్పండి దీదీ. అనారోగ్యమా, పెళ్లా, ఇంటి ఇబ్బందులా? మూడిట్లో ఒకటి చెప్తే చాలు" అన్నాడు.

పందొమ్మిదేళ్లప్పుడు మా నాన్న కాలు రేవులో సరుకు కింద పడి నలిగిపోయింది. ఆయన ఏడాదిన్నర మంచం మీద ఉన్నాడు. ఒక్కదాన్నే కూతుర్ని కాబట్టి కాలేజీ మానేసి కాజాలు తీయడం నేర్చుకున్నాను. తరవాత పెళ్లి. రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి రాలేదు. అమ్మానాన్నలు మాతోనే ఉండిపోయారు. ఇవన్నీ ఆ మూడిట్లో ఎందులోకి వస్తాయి?

"ఇంటి ఇబ్బందులు" అన్నాను.

ఆయన టకటకా నాలుగు వరుసలు కొట్టి ఇచ్చాడు. ఏం రాశాడో చదివించుకోకుండా సంతకం పెట్టబోయి, ఆగాను. మళ్లీ కూర్చుని ఒక్కొక్క మాటా వేలు పెట్టి చదివాను. ఆయన విసుక్కున్నాడు. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు. అయినా చదివాను. అప్పటికే కాగితాలంటే భయం నాకు పట్టుకుని ఏడు నెలలయింది.

మొదటిరోజు నేను తరగతి గదిలోకి అడుగు పెట్టగానే అరవైమంది ఆడపిల్లలు లేచి నిలబడ్డారు. నేను పంతులమ్మని కాననీ, వాళ్లలో ఒకదాన్ననీ తెలిశాక కూర్చున్నారు. వెనక బెంచీలో ఖాళీ ఉంటే వెళ్లి కూర్చున్నాను. కాసేపటికి ఒక పిల్ల ఆయాసపడుతూ వచ్చి నా పక్కన కూర్చుంది. కానింగ్ వైపు నుంచి లోకల్ రైల్లో వస్తుందట. రోజూ ఆలస్యమే కాబట్టి రోజూ ఆ బెంచీయే. నన్ను 'కాకీమా' అనేది. వాళ్ల భాషలో పిన్నమ్మ లాంటి మాట.

పాఠాలు బెంగాలీలో చెప్పేవారు, మధ్యమధ్య ఇంగ్లీషు. బెంగాలీ మాట్లాడ్డం నాకు పుట్టినప్పట్నుంచీ వచ్చు. చదవడం, రాయడం రావు. నేను చదివింది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు మా నాన్న నేర్పాడు, రేవు నుంచి వచ్చాక తలుపు వెనక సుద్దముక్కతో రాసి. అందుకని పంతులమ్మ చెప్పే బెంగాలీని చెవికి వినపడ్డట్టు తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. పక్కన పిల్ల అది చూసి, "ఇవేం అక్షరాలు కాకీమా, జిలేబీల్లా ఉన్నాయి" అంది. ఇంటికెళ్లాక అవి పైకి చదువుకుంటే పొద్దున్న విన్న పాఠం సగం తిరిగొచ్చేది. చరిత్రా, రాజనీతీ అలా నెట్టుకొచ్చాను.

ఇంగ్లీషు దగ్గర ఆ ఉపాయం పనిచేయలేదు.

అందరూ తప్పకుండా పాసవ్వాల్సిన పేపరు అది. చెప్పే మేడం నాకంటే రెండు మూడేళ్లు చిన్నదే అయ్యుంటుంది. కాటన్ చీర, భుజానికి గుడ్డ సంచీ, గొంతు పెద్దగా లేచేది కాదు. మొదటి నెల పరీక్షలో నాకు ఇరవైకి మూడు వచ్చాయి. పక్కన పిల్లకి పదిహేను. ఆ పిల్ల తన కాగితం మడిచి గబగబా సంచిలో పెట్టేసుకుంది, నాకు కనపడకూడదని. ఆ మర్యాద తట్టుకోవడం కష్టమైంది.

బస్సులో పది మాటలు బట్టీ పట్టేదాన్ని. దిగేసరికి నాలుగు మిగిలేవి. ఇంటికొచ్చి వంట చేసి, అమ్మకి పెట్టి, మళ్లీ చూసుకుంటే ఒకటి. మధ్యాహ్నం కాజాలు తీసేటప్పుడు మాటలు రాసిన కాగితాన్ని కళ్లకెదురుగా గోడకి గుచ్చిపెట్టుకునేదాన్ని. చూపు అటు పోయి సూది వేలికి దిగేది. ఒకసారి తెల్ల చొక్కాల కట్టకి నెత్తురు మరక అయింది. కార్ఖానా యజమాని కట్టంతా వెనక్కి పంపించాడు. వేడినీళ్లు, చన్నీళ్లు, ఉప్పు, నిమ్మకాయ అన్నీ వేసి రుద్దుతూ కూర్చున్నాను. మరక పోయింది. బుర్రలోంచి కాగితం మీది మాటలు కూడా పోయాయి. పిడికిలి బిగించి నా నెత్తి మీద నేనే కొట్టుకున్నాను. అమ్మ అవతలి గదిలోంచి "ఏటే ఆ సప్పుడు?" అంది. "గోడకి మేకు కొడుతున్నా" అన్నాను.

ఇంత బాధపడి ఎందుకు వెళ్తున్నట్టు? అది చెప్పకపోతే ఇదంతా పిచ్చిదానిలా కనిపిస్తుంది.

మా నాన్న శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాడు. బడి చదువు లేదు, తెలుగు అక్షరాల వరకు వచ్చు. నేను పన్నెండు పాసైన రోజున వీధిలో తెలుగువాళ్లందరికీ చెప్పుకున్నాడు, మా అమ్మాయికి ఇంగ్లీషు వచ్చని. ఆ రోజు నుంచీ మా వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. ఆసుపత్రి కాగితాలు, బ్యాంకు కాగితాలు, రేవు ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాలు. నాకు వచ్చింది చాలా కొంచెం. సగం చదివి మిగతా సగం ఊహించి చెప్పేదాన్ని. ఇన్నేళ్లలో పెద్ద పొరపాటేదీ బయటపడలేదు. "నాకిది తెలీదు" అన్న మాట మాత్రం ఎవరి ముందూ నా నోట రాలేదు. మా నాన్న పక్కనే కూర్చుని వింటూ ఉండేవాడు కదా.

ఆయనకి డెబ్భై దాటాక గుండె జబ్బు వచ్చింది. నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఒక చిన్న మాత్ర వేసుకోవాలి. రెండేళ్లు వేసుకున్నాడు. తరవాత కడుపులో నొప్పని, మలం నల్లగా వస్తోందని ఆసుపత్రిలో చేర్పించాం. ఆరు రోజులుంచి పంపించేశారు. పంపేటప్పుడు నర్సు నా చేతిలో కాగితం పెట్టి, "అన్నీ ఇందులో రాసున్నాయి, చదువుకోండి" అని వెళ్లిపోయింది. కాగితం నిండా మందుల పేర్లు. అడుగున ఆ చిన్న మాత్ర పేరు, దాని ముందు ఇంగ్లీషులో ఒక మాట. విత్‌హోల్డ్. విత్ అంటే తోడు, హోల్డ్ అంటే పట్టుకోవడం. మిగతా మందులతో పాటు దీన్ని కూడా ఉంచమన్నారని అర్థం చేసుకున్నాను. సందేహం రాలేదా అంటే, వచ్చింది. క్షణం సేపు. నాన్న చక్రాల కుర్చీలో కూర్చుని నా మొహం కేసి చూస్తున్నాడు. "ఏటి రాసినారు?" అన్నాడు. "అన్నీ వేసుకోమన్నారు నాన్నా" అన్నాను.

పదకొండు రోజులు నా చేత్తో వేశాను. పన్నెండో రోజు పొద్దున్న ఆయన నెత్తురు కక్కుకున్నాడు. ఆసుపత్రిలో కొత్త డాక్టరు ఆ పాత కాగితం చూసి, "ఈ మాత్ర ఆపేశారు కదా?" అని నన్ను అడిగాడు. ఆయన అడిగిన తీరులోనే నాకు అర్థమైపోయింది. "ఆపేశాం" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన రాసుకున్నాడు. నేను వరండాలోకి వచ్చి ఫోన్లో ఆ మాట కొట్టి చూశాను. ఇవ్వకుండా నిలిపివేయడం అని వచ్చింది. వెనక్కి వెళ్లి నిజం చెప్పాలనుకున్నాను. తలుపు దాకా వెళ్లాను కూడా. లోపల వాళ్లు హడావిడిగా ఉన్నారు. అమ్మ బెంచీ మీద కూర్చుని నా కేసి చూస్తోంది. నిలబడిపోయాను. సాయంత్రానికి నాన్న పోయాడు.

నిజం చెప్పి ఉంటే బతికేవాడా? అది ఎవర్నీ అడగలేని ప్రశ్న. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా సంచిలో దాచుకున్నాను. పెద్దకర్మ అయిన నెలకి పక్కింటామె ఏదో ఉత్తరం తెచ్చి "సదివి పెట్టమ్మా" అంటే అది నా చేతిలోంచి కింద పడిపోయింది. కళ్లు సరిగ్గా కనపడట్లేదని చెప్పి పంపేశాను. ఆ తరవాత ఆరు నెలలకి కాలేజీ గేటు దగ్గర నిలబడి ఉన్నాను. చదివితే ఆయన తిరిగి వస్తాడని కాదు. ఇంట్లో కూర్చుంటే ఊపిరాడలేదు.

అమ్మకి తెలిసింది నా గుర్తింపు కార్డు వల్ల. చీర ఉతకడానికి తీస్తుంటే కొంగు ముడిలోంచి పడిందట. నేను వచ్చేసరికి గుమ్మంలో కూర్చుని దాన్ని పట్టుకుని ఉంది.

"ఏటే పిల్లా, ఈ పొటో నీదే గదా? కార్ఖానాలో ఇచ్చినారా?"

ఔననేస్తే అయిపోయేది. అబద్ధాలతో అప్పటికే అలిసిపోయి ఉన్నాను. "కాదమ్మా. కాలేజీది. చదువుకుంటున్నాను" అన్నాను.

"మరి నాకెందుకు సెప్పనేదు?"

"నవ్వుతావని."

"నానేటికి నవ్వుతానే. మీ అయ్య ఉంతే ఈదంతా సెప్పుకు తిరిగీవోడు" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మర్నాడు నేను లేచేసరికి పొయ్యి వెలిగించి ఉంది. అటుకులు పోపు పెట్టి డబ్బాలో సర్దింది. ఆరోజు నుంచి కొళాయి దగ్గర, బియ్యం కొట్టు దగ్గర, ఎవరు కనపడితే వాళ్లకి, "మా అమ్మి కాలేజీకి ఎల్తంది" అని చెప్పేది. "అయ్యకి ఇష్టమని సదువుతంది" అని కూడా కలిపేది. వాళ్లు నన్ను మెచ్చుకునేవారు. తలొంచుకుని నడిచేదాన్ని. సిగ్గనుకునేవారు. అమ్మ కట్టిచ్చిన డబ్బా కాలేజీలో తెరవలేకపోయేదాన్ని. పక్కన పిల్లకి ఇచ్చేసేదాన్ని. ఆ పిల్ల ఆకలి మీద వచ్చేది కాబట్టి సంతోషంగా తినేది.

డిసెంబర్‌లో పరీక్షలు వచ్చాయి. మిగతా పేపర్లు ఎలాగో రాశాను. ఇంగ్లీషు రోజున ప్రశ్నపత్రం చేతికొచ్చింది. ఒక పేరా చదివి కింద ప్రశ్నలకి జవాబులు రాయాలి. ఏదో రైల్వే స్టేషన్ గురించిన పేరా. మాటలు చాలావరకు నాకు తెలిసినవే. అదే నాకు చేటు తెచ్చింది. తెలిసిన మాట ఎదురైనప్పుడల్లా, ఇది నేననుకున్నది కాదేమో, దీని అర్థం సరిగ్గా తిరగబడి ఉందేమో అనిపించేది. వెయిట్ అంటే ఆగడమేనా? లెఫ్ట్ అంటే ఎడమా, వెళ్లిపోవడమా, మిగిలిపోవడమా? ఒక వాక్యం రాసి కొట్టేశాను. మళ్లీ రాసి కొట్టేశాను. కాగితం మీద ఒక్క మాట నమ్మడానికి లేకుండా పోయింది. చెమటతో పెన్ను జారిపోతోంది. గంట గడిచాక బయటికి పోనిస్తారు. ఆ గంట కొట్టగానే కాగితం ఇచ్చేసి లేచి వచ్చేశాను. పక్కన పిల్ల తలెత్తి చూసింది.

ఇంటికి వెళ్లలేదు. నడుచుకుంటూ పోయి గంగ ఒడ్డున రేవులో నిలబడ్డాను. హౌరా వైపు పోయే లాంచీలు వస్తున్నాయి, జనాన్ని ఎక్కించుకుని పోతున్నాయి. నాలుగు లాంచీలు పోయాయి. టికెట్లు ఇచ్చేవాడు కిటికీలోంచి, "ఎక్కడికి వెళ్లాలి దీదీ?" అని అడిగాడు. ఎక్కడికీ లేదని చెప్పాను. నీళ్లలోకి దూకాలని అనుకోలేదు. ఎక్కడా ఉండాలని మాత్రం అనిపించలేదు. అవతలి ఒడ్డు నుంచి రైలెక్కితే ఇరవై నాలుగు గంటల లోపే నాన్న పుట్టిన ఊరు. అక్కడ నన్నెవరూ ఎరగరు, కాగితాలెవరూ తేరు. అలా అనుకుంటూ మధ్యాహ్నం దాకా నిలబడి, కాళ్లు లాగేస్తుంటే ఇంటికొచ్చాను. "బాగా రాసినావా?" అంది అమ్మ. రాశానన్నాను.

ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషు తప్పాను. వారం రోజులు కాలేజీకి పోలేదు. పక్కన పిల్ల ఫోన్ చేసింది, "కాకీమా, ఒంట్లో బాలేదా? నోట్సు రాసి పెడుతున్నాను" అని. ఎనిమిదో రోజున వెళ్లాను, పేరు తీసేయించుకోవడానికి. ఆఫీసులో ఫారం ఇచ్చి, ఏదైనా ఒక సబ్జెక్టు మేడం సంతకం తెమ్మన్నారు. టీచర్ల గదిలో ఆ పూట ఇంగ్లీషు మేడం ఒక్కత్తే ఉంది.

ఆవిడ ఫారం చూసి పక్కన పెట్టింది. "ఆరోజు గంటకే లేచి వెళ్లిపోయారు. మీ కాగితం నేనే చూశాను. ప్రతి వాక్యమూ రాసి కొట్టేశారు. కొట్టేసినవాటిలో చాలావరకు ఒప్పే. ఎందుకు కొట్టేశారు?"

సంచిలోంచి ఆసుపత్రి కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆ కాగితాన్ని ఇంకొక మనిషి చేతిలో పెట్టడం అదే మొదటిసారి. అడుగున ఆ మాట మీద వేలు పెట్టాను. తరవాత బెంగాలీలో, నాకొచ్చినట్టు, మొత్తం చెప్పాను. ఆపేశామని డాక్టరుకి అబద్ధం చెప్పింది కూడా.

చివరికి నేనే అడిగాను. "దానివల్లే పోయాడా మేడం?"

"నేను చెప్పలేను. డాక్టర్ని కాదు. కాదని చెప్పినా మీరు నమ్మరు" అంది. కాగితాన్ని దాని మడతల్లోనే మళ్లీ మడిచింది. "ఇలాంటి సంగతి నర్సు నోటితో చెప్పి ఉండాల్సింది. అది వాళ్ల తప్పు. రెండోసారి డాక్టరు అడిగినప్పుడు మీరు నిజం చెప్పి ఉండాల్సింది. అది మీ తప్పు. రెండూ కలిపేసి నెత్తిన పెట్టుకోకండి. మీది మీరు మోయండి, చాలు."

అప్పటిదాకా నా మనసులో నేను ఎవరెవరి నోటో ఓదార్పు విన్నాను. నీ తప్పేం లేదని. అవేవీ లోపలికి దిగలేదు. ఈ మాట దిగింది. అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆవిడ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఇది మీ ఇంట్లో ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

ఆవిడ ఫారం మడిచి సంచీలో పెట్టుకుంది. "ఈ ఫారం ఒక వారం నా దగ్గర ఉండనివ్వండి. వారం తరవాత కూడా కావాలంటే సంతకం పెట్టి ఇస్తాను" అంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అమ్మకి చెప్పేశాను. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నేను ఎదురుగా కూర్చుని, ఆపకుండా, మొదట్నుంచీ చెప్పాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆపమన్న మాత్రా?"

"ఔనమ్మా."

"నువ్వేసినావా?"

"ఔను."

చేటలోకే చూస్తూ నెమ్మదిగా అంది. "రోజూ నీళ్లు నానే గదే సేతికందించినాను."

ఆ మాట నేను ఊహించలేదు. నన్ను తిడుతుంది, కొడుతుంది, ఏడుస్తుంది అనుకున్నాను. అన్నిటికీ సిద్ధపడి ఉన్నాను. గ్లాసుతో నీళ్లు పట్టుకుని నాన్న మంచం పక్కన నిలబడేది అమ్మేనని నాకు తట్టనే లేదు. పదకొండు రోజులూ ఆమె కూడా అక్కడే ఉంది.

"నీకేం తెలుసమ్మా, నేను వేసుకోమన్నానని కదా" అన్నాను.

"నాకెందుకు సెప్పినావే? ఇన్నాల్లు ఓర్సుకున్నదానివి, నువ్వే ఓర్సుకోనేకపోనావా?" అంది. చేట పక్కన పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నా గుండె తేలికవుతుందని చెప్పాను. తేలికవలేదు. బరువు ఆమె మీద కూడా వేశాను, అంతే. డెబ్భై ఏళ్ల మనిషి. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది. మా ఆయనతోనే మాట్లాడేది. నేను వడ్డించిన కంచం ముట్టుకునేది కాదు, తనే లేచి పెట్టుకునేది. నాన్న ఫొటో ముందు దీపం పెట్టడం కూడా మానేసింది. అది ఎందుకో నాకు అర్థమైంది. నేనూ ఆ ఫొటో కేసి చూడలేకపోతున్నాను.

మా ఆయనకి అమ్మ ద్వారానే తెలిసింది. పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా పక్కన కూర్చున్నాడు.

"కాలేజీ మానేస్తావా?" అన్నాడు.

"తెలీదు."

"మానకు. పగలంతా ఇంట్లోనే ఉంటే ఇద్దరూ ఒకర్నొకరు చూసుకునే చచ్చిపోతారు."

అంతకంటే మంచి కారణం నాకూ కనపడలేదు. వారం అయ్యాక మేడం దగ్గరికెళ్లి ఫారం అక్కర్లేదని చెప్పాను. ఆవిడ దాన్ని చించి బుట్టలో వేసి, రోజూ తరగతి అయ్యాక అరగంట ఉండమంది. ఆ అరగంటలో పాఠం చెప్పేది కాదు. ఏదో ఒక పాత పేపరు నా ముందు పెట్టి చదవమనేది. ఏ మాట దగ్గర ఆగినా "ఎందుకాగారు?" అనేది. "తెలుసేమో, తెలీదేమో" అనేదాన్ని. "తెలీదంటే తెలీదనండి, తెలుసంటే తెలుసనండి. రెండింటి మధ్యన కూర్చోకండి" అనేది. "తెలీదు" అని గట్టిగా అనడం నేర్చుకోవడానికి నాకు దాదాపు నెల పట్టింది. మొదట్లో ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కేవి.

చలి తగ్గే రోజుల్లో అమ్మకి కంట్లో శుక్లం తీశారు. ఆసుపత్రికి మా ఆయన తీసుకెళ్లాడు. ఏ చుక్కలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో రాసిన కాగితంతో ఇంటికి తెచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. అమ్మ ఒక కంటికి కట్టుతో, గోడ పట్టుకుని నడుచుకుంటూ బయటికి పోయింది. ఎక్కడికా అని చూస్తే పక్కింటి గుమ్మంలో నిలబడి, వాళ్ల కోడలికి ఆ కాగితం ఇస్తోంది. "కాస్త సదివి సెప్పమ్మా" అంటోంది. ఆ పిల్ల నన్ను చూసి ఇబ్బందిపడింది. "అత్తా, అక్క ఉంది గదా ఇంట్లో?" అంది. "నువ్వే సదువు" అంది అమ్మ.

నేను లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ కట్టేసి, అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆమెది తప్పని అనలేను. ఆమె స్థానంలో ఉంటే నేనూ నా కాగితం నాలాంటిదాని చేతికివ్వను. అయినా ఆ పూట నాకు కలిగినంత నిరాశ నాన్న పోయినరోజు కూడా కలగలేదు. చదివి ఏం చేస్తాను? ఎవరి కోసం? వీధిలో అందరూ నమ్మినా ఆ ఒక్క మనిషి నమ్మదు. చుక్కలు రోజుకి నాలుగుసార్లు పక్కింటి పిల్లే వచ్చి వేసి వెళ్లేది. ఆ సమయానికి నేను డాబా మీదకి పోయి నిలబడేదాన్ని.

మర్నాడు కాలేజీకి వెళ్లానా అంటే, వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. అయిదింటికి మెలకువ వచ్చింది. కాళ్లు బస్సు దగ్గరికి పోయాయి.

తప్పిన పేపరు వానాకాలంలో మళ్లీ రాశాను. మూడు గంటలూ కూర్చున్నాను. ఒక్క వాక్యమూ కొట్టేయలేదు. తెలీనివి రెండు ప్రశ్నలుంటే ఖాళీగా వదిలేశాను, ఊహించి రాయలేదు. ఫలితం పక్కన పిల్ల తన ఫోన్లో చూసి చెప్పింది. సరిగ్గా పాసు మార్కులు, ఒక్కటి ఎక్కువ కాదు. ఆ పిల్ల నన్ను వాటేసుకుని ఊపేసింది. మేడంకి చెప్తే, "మంచిది. రెండో ఏడాది పుస్తకం కొనుక్కున్నారా?" అంది. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాను. అలసటే తగిలింది. బస్సులో నిద్రపోయి దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చాను.

ఇంట్లో మా ఆయన అడిగితే పాసయ్యానని చెప్పాను. "సరే, అన్నం తిను" అన్నాడు. అమ్మ మంచం మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది. విన్నదో లేదో తెలీదు. నేను కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండానే అంది.

"రేపు ఎల్తావా?"

నాతోనే మాట్లాడుతోందని తెలియడానికి కాస్త సమయం పట్టింది. ఏడు నెలల తరవాత నాతో అన్న మొదటి మాట అది.

"వెళ్తానమ్మా."

"అల్లుడు సెప్పినాడు, పొద్దున్న పంపు రిపేరంట. కొళాయి రాదు. నీల్లు ఇప్పుడే పట్టీసుకో" అంది.

చేయి కడుక్కుని లేచాను. బకెట్లు రెండు, బిందె ఒకటి తీసుకుని కిందికి దిగాను. కొళాయి దగ్గర అప్పటికే వరసలో తొమ్మిదిమంది ఉన్నారు. పదోదాన్నై నిలబడ్డాను.